తాడక్క లెక్క

హిందూపురం మార్కెట్టు దగ్గర సైకిలుకు గాలి కొట్టించుకుంటుంటే, ఒకప్పుడు మిల్లులో తూకం వేసిన మనిషి ఎదురుపడ్డాడు. వానలు లేవనీ, మోకాళ్ళ నొప్పులనీ కాసేపు మాట్లాడాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అన్నట్టు, తాడక్క పోయిందబ్బా. పెనుకొండలో. ఉగాదికి ముందే అంట. నీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలియదు. తెలియడానికి ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. ఎవరు చూసుకున్నారని అడిగాను.

"ఎవురుండారు ఆమెకి? ఈదిలోవాళ్ళే ఎత్తినారంట," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె అసలు పేరు నాకు తెలియదని అప్పుడే తట్టింది. మిల్లులో ఎవరికీ తెలిసినట్టు లేదు. తాడు పట్టుకునే అక్క కాబట్టి తాడక్క. కోపం వచ్చిన రోజు ఆడవాళ్ళు ఆమెను తాటకి అనేవాళ్ళు. ఆమెకు వినపడేట్టే అనేవాళ్ళు.

అది హిందూపురంలోనే, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు. మా వైపు చెనిక్కాయల మిషను అంటారు. యాభైల చివర్లో, ఆఫీసు గదికి లైట్లు వేయడానికి నేను మొదటిసారి అందులో అడుగు పెట్టాను. అప్పటికింకా మిల్లును నడిపేది ఆయిలింజనే. కప్పు కింద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక ఇనుప షాఫ్టు తిరుగుతుండేది. దాని మీది నుంచి తోలు బెల్టు కిందికి దిగి మిషనును తిప్పేది. మిషను పక్కన రెండు పుల్లీలు ఉండేవి. ఒకటి మిషనుకు బిగించింది. రెండోది ఊరికే తిరిగేది, దాన్ని ఖాళీ పుల్లీ అనేవారు. తాడు లాగితే ఒక కొయ్య పంగ బెల్టును పక్కకు జరిపి ఖాళీ పుల్లీ మీదికి నెట్టేది. పైన ఇంజను తిరుగుతున్నా కింద మిషను నిలబడిపోయేది. ఆ తాడు కొస పట్టుకుని, గోడవారన ఒక ఎత్తు పీట మీద ఆమె కూర్చుని ఉండేది.

పొద్దున ఇంజను మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం అన్నానికి ఆపేదాకా, మళ్ళీ అప్పటి నుంచి సాయంత్రం దాకా, ఆమె పని అదే. ఇరవై మంది ఆడవాళ్ళు గంపలు ఎత్తి తొట్టిలో కాయలు పోస్తుంటారు, కింద పొట్టు ఊడుస్తుంటారు, పప్పు ఏరుతుంటారు, నవ్వుకుంటారు, కొట్లాడుకుంటారు. ఆమె మాత్రం చూస్తుంటుంది. వక్కాకు వేసుకోదు. ఉమ్మడానికి తల తిప్పాల్సి వస్తుందని. నీళ్ళు తాగదు. లేచి బయటికి పోవాల్సి వస్తుందని. ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతుంది గానీ వాళ్ళ ముఖం చూడదు. చూపు మిషను దగ్గరి చేతుల మీదే ఉంటుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పని లేనప్పుడు, చింతచెట్టు కింద అన్నం తినేటప్పుడు కూడా ఆమె ఎదుటి మనిషి ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. అందువల్ల ఆమె పక్కన కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఒక్కతే తినేది.

పొద్దున్నే వాకిట్లో నిలబడేది. లోపలికి వచ్చే ఒక్కొక్కరినీ ఆపేది.

"కొంగు చెక్కు."

"చెక్కినా కదక్కా."

"అది చెక్కినట్లా? బొడ్లో దోపు. జడ ముడేసుకో. ఆ పూలు తీసెయ్."

"శుక్రారమక్కా!"

"దానికి శుక్రారం తెలీదు."

దానికి అంటే మిషనుకు. మిషను అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఎప్పుడూ 'అది' అనే. ఒకసారి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె దాని మీద ఉమ్మి, రాక్షసి అని తిట్టింది. ఆమె ఊరుకోలేదు. "అదేం చెడ్డది కాదు పాపా. దానికి ఏమీ తెలీదు, అంతే. తెలిసేది మనకే," అంది.

నెలకు రెండు మూడు సార్లయినా ఉత్తపుణ్యానికి తాడు లాగేది. ఎవరో తుమ్మితే, ఎవరి కాలో జారినట్టు అనిపిస్తే, లాగేసేది. బెల్టు పక్కకు జరిగి మిషను ఆగిపోయేది. గంపల లెక్కన పనిచేసే ఆడవాళ్ళు అప్పుడు తాటకి అనేవాళ్ళు.  అంతా సరిగా ఉందని చూసుకుని, తాడు వదిలేది.

ఆమె గురించి కథలుండేవి. మొగుడు మిషనులో పడి చచ్చిపోయాడని ఒకరు, చెల్లెలి జుట్టు బెల్టులో పోయిందని ఇంకొకరు. నేనూ నమ్మాను. ఆఫీసు గదిలో లైట్ల పని చేస్తున్న రోజుల్లో, చింతచెట్టు కింద ఆమెకు కొంచెం దూరంలో కూర్చుని తినేవాణ్ణి. ఆ ఊళ్ళో నాకూ ఎవరూ లేరు. ఒక రోజు ధైర్యం చేసి అడిగాను.

"అక్కా, నీ మొగుడు..."

"ఆయప్ప మడకశిర తట్టు ఇంగో సంసారం పెట్టుకున్యాడు. బాగుండాడు," అంది నా చేతులు చూస్తూ.

"మరి నువ్వింత జాగ్రత్తగా..."

"నన్ను ఈడ కూర్చోబెట్టినారు. చూడమన్యారు. చూస్తాండా. దానికి ఎవురన్నా సావల్నా ఏమబ్బా?"

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు, ఆయన నాయన కూడా. నేను మగ్గం గుంటలో కూర్చోనని బెంగళూరుకు పోయి వైరింగు నేర్చుకుని వచ్చాను. అప్పటి నుంచి ఇంట్లో నాతో మాట తగ్గించాడు. ఒకసారి మాత్రం, స్టార్టరు అంటే ఏమిటో, ఆపే బటను అంటే ఏమిటో నేను ఉత్సాహంగా చెబుతుంటే, నాడె విసరడం ఆపి విన్నాడు. విని, "మగ్గానికి అదంతా అక్కర్లేదప్పా. నేను నిలబడితే అదీ నిలబడుతుంది," అన్నాడు. నన్ను దెప్పుతున్నాడనుకున్నాను.

అరవైల మొదట్లో మిల్లుకు కరెంటు మోటారు వచ్చింది. బిగించే పని నాకే ఇచ్చాడు సావుకారు. ఇరవై ఆరేళ్ళ వయసు, చేతిలో కొత్త లైసెన్సు. ఈ మిల్లు సరిగ్గా చేస్తే తన వాళ్ళ మిల్లులు ఇంకో మూడు ఇప్పిస్తానని అన్నాడు. నేను ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. అందరూ గోడకు బిగించే బటనును నేను అట్లా వదలలేదు. పిడికిట్లో ఇమిడే చిన్న పెట్టెలో రెండు బటన్లు పెట్టి, పొడవాటి రబ్బరు తీగతో పై నుంచి వేలాడదీశాను. పచ్చది నొక్కితే మోటారు మొదలవుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. తీగ పొడవున్నంత మేర మనిషి ఎక్కడ నిలబడైనా ఆపవచ్చు. అది పూర్తిగా నా ఆలోచన. తాడక్క కోసమే చేశానని చెప్పుకుంటే అబద్ధం కాదు. ఆమె మెచ్చుకోవాలని ఉండింది నాకు.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని తూకం చూసినట్టు పైకీ కిందికీ ఆడించింది.

"బరువే ల్యా."

"బరువెందుకక్కా? వేలు పెట్టి నొక్కితే చాలు."

"అది కాదబ్బా. తాడు లాగితే పైన బెల్టు జరిగేది చేతికి తెలుస్తాది. జరగకపోతే అదీ తెలుస్తాది. దీంట్లో నా చేతికేం తెలుస్తాది?"

నాకు కొంచెం మనసు నొచ్చింది. నొక్కి చూడమన్నాను. మోటారు హోరున తిరుగుతోంది. ఆమె ఎర్ర బటను నొక్కింది. టక్కుమని గోడ మీది స్టార్టరు పడి కరెంటు ఆగింది. ఆమె మిషను వైపు చూస్తూ లెక్క పెట్టసాగింది. కళ్ళంలో గింజలు కొలిచేవాళ్ళలాగా ఒకటిని లాభం అని మొదలుపెట్టేది. "లాభం, రెండు, మూడు, నాలుగు..." పంతొమ్మిదికి గానీ మిషను నిలబడలేదు.

"తాడుకు అయిదు," అంది.

ఎందుకో నాకు తెలుసు. తాడు లాగితే షాఫ్టు నుంచి మిషను విడిపోయేది. కాయల ఒత్తిడికి అదొక్కటే గబుక్కున ఆగేది. ఇప్పుడు కరెంటు పోయినా మోటారు, షాఫ్టు, పుల్లీలు, మిషను అన్నీ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి. అంత ఇనుమూ తిరిగి తిరిగి అలిసిపోయాకే నిలబడుతుంది. మోటారు వచ్చింది కదా అని సావుకారు ఖాళీ పుల్లీలు, తాడు తీసేయించాడు.

"ఆ పుల్లీలు మల్ల ఎక్కియ్యమని చెప్పబ్బా సావుకారికి. బటనూ ఉండనీ, తాడూ ఉండనీ."

ఆ సాయంత్రం ఆమే సావుకారును అడిగింది, నేల చూస్తూ. ఆయన మంచివాడే. విసుక్కోలేదు. నా వైపు తిరిగి, "ఏమప్పా, రెండూ కావల్నా?" అన్నాడు.

నేను తలెత్తి ఆమె వైపు చూశాను. ఆమె నా చేతుల వైపు చూస్తోంది.

"అవసరం లేదు సావుకారూ. బటను చాలు," అన్నాను.

రెండూ ఉంటే నా బటను చాలదని ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు నాకు తట్టింది అదొక్కటే.

ఏడు నెలలు ఏమీ జరగలేదు. ఆమె ఎత్తు పీట మీద, పిడికిట్లో పెట్టె, బొటనవేలు ఎర్ర బటను మీద పెట్టుకుని కూర్చునేది.

ఆ రోజు పొద్దున, పది గంటల వేళ, నేను నిచ్చెన ఎక్కి గోడ మీది తీగ సరిచేస్తున్నాను. కింద సంజమ్మ అనే ఆమె పొట్టు ఊడుస్తోంది. రొళ్ళ పక్క పల్లె నుంచి వచ్చి, మిల్లు వెనక కొట్టాల్లో అన్నతో పాటు ఉండేది. వంగి ఊడుస్తుంటే బొడ్లో దోపిన కొంగు ఊడి, కొస గాలికి లేచింది. పైనుంచి అది నాకు కనపడింది. అరుద్దామని నోరు తెరిచాను. నా గొంతు లేవకముందే టక్కుమని స్టార్టరు పడిన చప్పుడు వినపడింది. ఆ తరువాతే కొంగు పుల్లీకి తగులుకుంది. ఆ తరువాతే సంజమ్మ కేక వేసింది.

ముందు చప్పుడు, తరువాత కేక. నేను ఎవరి మీదైనా ప్రమాణం చేసి చెప్పగలను.

కరెంటు ఆగింది. మిషను ఆగలేదు. చీరతో పాటు చెయ్యిని లోపలికి లాక్కుంటూ తిరుగుతూనే ఉంది. తాడక్క పెట్టె వదిలేసి, "నిల్చో! నిల్చో!" అని మనిషితో అన్నట్టు దానితో అంటూ పరుగెత్తింది. పక్కనున్న గోనెసంచి తీసుకుని బెల్టుకూ పుల్లీకీ మధ్య తోసింది. బెల్టు ఎగిరి పడింది. ఆమె కుడి అరచేతి తోలు సంచితో పాటు పోయింది. మిషను నిలబడేసరికి సంజమ్మ కుడి చెయ్యి రెండు చోట్ల విరిగి, మూడు వేళ్ళు పోయాయి. ప్రాణం మిగిలింది.

నాలుగు రోజుల తరువాత ఆఫీసు గదిలో కూర్చున్నారు. సావుకారు, మేస్త్రీ, సంజమ్మ అన్న. తాడక్క వాకిలి పక్కన నిలబడింది. కట్టు కట్టిన చెయ్యి కొంగులో దాచుకుంది. నన్ను పిలిచారు.

"బటను పని చేస్తాందా అప్పా?" అని సావుకారు అడిగాడు.

"చేస్తాంది."

"వైరింగులో తప్పేమన్నా ఉండాదా?"

"లేదు."

రెండూ నిజాలే. సంజమ్మ అన్న లేచి నిలబడ్డాడు. "బటను బాగుండి, వైరు బాగుండి, మా చెల్లెలు చెయ్యెందుకు పోయింది మల్ల? ఈమె నొక్కల్యా. నిద్రపోతాండింది!"

మేస్త్రీ అవునన్నట్టు తలాడించాడు. సావుకారు నా ముఖం చూశాడు. నేను ఇంకేమైనా చెబుతానేమో అని చూసినట్టే అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే. ఆమె ముందే నొక్కింది, నేను విన్నాను, ఆగకపోవడానికి కారణం ఖాళీ పుల్లీలు లేకపోవడం, అవి వద్దన్నది నేను. ఇంత చెప్పాలి. నోట్లోకి వచ్చింది. రాబోయే మూడు మిల్లులూ గుర్తుకొచ్చాయి. ఊరుకున్నాను.

 ఎవరూ తాడక్కను ఏమీ అడగలేదు. కాసేపు నిలబడి, బయటికి నడిచి, చింతచెట్టు కింద పెట్టుకున్న సద్దిమూట తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఎత్తు పీట మీద మేస్త్రీ మనిషి ఒకడు కూర్చున్నాడు. వాడు ముఖాలు చూసి నవ్వుతూ మాట్లాడేవాడు. అందరికీ నచ్చాడు.

నాకు ఆ మూడు మిల్లులూ వచ్చాయి. పని బాగుంది. ప్రతి మిల్లులో మోటారు బిగించాక, బటను నొక్కి, నాకు తెలియకుండానే లెక్కపెట్టేవాణ్ణి. ఒకచోట పదహారు, ఒకచోట ఇరవై రెండు. అడిగి, వాదించి, ప్రతిచోటా ఖాళీ పుల్లీలు పెట్టించాను. మొదటి మిల్లు దగ్గరికి మాత్రం పోలేకపోయాను. ఆ వీధిలో పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

మూడేళ్ళయ్యాక పెనుకొండలో ఒక ఆఫీసుకు ఫ్యాన్లు బిగించే పని పడింది. కోట గోడ పక్క సందులో నడుస్తుంటే, ఒక ఇంటి వసారాలో మోదుగాకులతో విస్తర్లు కుడుతూ తాడక్క కనపడింది. కుడి చెయ్యి సరిగా ముడుచుకోవడం లేదు. పుల్లను ఎడమ చేత్తో గుచ్చుతోంది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆమె నా చేతులు చూసి గుర్తుపట్టింది.

"వైర్ల అబ్బి కదా. కూర్చో."

కూర్చున్నాను. ఆమె ఇంకో ఆకు తీసుకుని కుట్టసాగింది. అప్పుడు చెప్పాను. "అక్కా, ఆ రోజు నువ్వు ముందే నొక్కినావు. నేను విన్నా."

"నాకు తెలుసు కదబ్బా. నొక్కింది నేనే కదా."

"మరి ఆఫీసు రూములో ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను అడిగినారు. నన్నెవురు అడిగినారు?"

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. నేను తల వంచుకున్నాను. ఆమే అడిగింది, "ఆ పాప చెయ్యి ఎట్లుండాది ఇప్పుడు?"

నాకు తెలియదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నేను కనుక్కోలేదు. ఆ మాట చెప్పడం ముందటి మాట చెప్పడం కన్నా కష్టమైంది. ఆమె సూది పుల్లను ఆకులో గుచ్చి పక్కన పెట్టింది.

"పో అబ్బా. పోయి చూడు," అంది.

హిందూపురం వచ్చి నేరుగా మిల్లుకు పోయాను. సావుకారుకు మొత్తం చెప్పాను. పుల్లీలు వద్దన్నది నా గర్వం కొద్దీ అని కూడా చెప్పాను.  "ఆ పొద్దే చెప్పింటే ఆమెను పనిలో ఉంచుకుందును కదప్పా," అన్నాడు ఆయన. పదిహేను రోజుల్లో ఖాళీ పుల్లీలు ఎక్కించాడు. నన్ను మాత్రం మళ్ళీ పనికి పిలవలేదు.

సంజమ్మ అప్పటికే తన పల్లెకు వెళ్ళిపోయింది. రొళ్ళ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచాను. గొర్రెలు మేపుకుని అప్పుడే వచ్చినట్టుంది, దొడ్డి ముందు కూర్చుని ఉంది. మిగిలిన రెండు వేళ్ళతో కర్ర పట్టుకుంది. నేను నిలబడే చెప్పాను. ముందు చప్పుడు, తరువాత నీ కేక అని. ఆమె కదలకుండా వింది.

"దినామూ తిడతాండా ఆమెను," అంది. "పొద్దున లేస్తానే తిడతాండా. ఈ చేత్తో అన్నం కలుపుకునేటప్పుడు తిడతాండా. మూడేండ్లు."

నన్ను తిడుతుందనుకుని నిలబడ్డాను. తిట్టలేదు. "యాడుండాది? నన్ను పిలుచుకోని పో," అంది.

ఆ వారమే ఇద్దరం పెనుకొండలో బస్సు దిగాం. సందు మొదట్లో ఆగి, "ఆ మూడో ఇల్లు," అని చూపించాను. నేనూ అడుగు వేయబోతే సంజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఈడనే ఉండు."

బస్టాండు పక్క టీ అంగట్లో కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక బస్సు పోయింది, ఇంకొకటి పోయింది. మూడో బస్సు వేళకు సంజమ్మ వచ్చింది. ఏడ్చిన ముఖం కాదు, నవ్విన ముఖమూ కాదు. బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటేదాకా ఆగి అడిగాను.

"ఏమనింది?"

"చెయ్యి చూపీమనింది. చూపించినా. వేళ్ళు ఒగొగటీ పట్టుకోని చూసింది."

"ఇంకా?"

"అన్నం పెట్టింది. మల్ల హిందూపురానికి, మిల్లుకి వచ్చేయమంటి నేను. రాను అనింది. ఈడ అలవాటైందంట."

బస్సు గుంటలో పడి లేచింది. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"నా గురించి ఏమన్నా అడిగిందా?"

సంజమ్మ వెనక్కి తిరిగి చూసింది. అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"అడగల్యా," అంది.

ఆ తరువాత పెనుకొండ మీదుగా ఎన్నోసార్లు పోయాను. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగేది. జనం దిగి టీ తాగి వచ్చి కూర్చునేవాళ్ళు. నేను దిగలేదు.